ప్రెసిడెంటు డూగల్ గారి అనుమతి

గ్లెనిస్ పాస్కో రాజీనామా చేసింది బతిమాలించుకోవడానికి. పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే కర్లూ ఫ్లాట్ బౌల్స్ క్లబ్బులో ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఏళ్ల తరబడి క్లబ్బు వెబ్‌సైట్ పెత్తనమంతా ఆవిడ నెత్తినే ఉండేది. ఫోటో మార్చాలన్నా, సాసేజీల విందు ప్రకటించాలన్నా "గ్లెనిస్‌ని అడుగు" అనేవారు. విసుగెత్తి, కంప్యూటర్లో ఒక యంత్రపు గుమాస్తాను పెట్టుకుంది. దానికి ఒకటే ఆజ్ఞ: ఏటా సభ్యుల సమావేశంలో చేసిన తీర్మానాలు చదువు, పదవి వచ్చినవాళ్లకు వెబ్‌సైట్‌లో అధికారం ఇవ్వు, పదవి పోయినవాళ్లకు తీసెయ్. ఆ ఏర్పాటు చేసుకున్నాక సమావేశంలో లేచి, "ఇక నావల్ల కాదు, సెక్రటరీగిరీ వదిలేస్తున్నా" అని ప్రకటించి, అందరూ కాళ్లావేళ్లా పడతారని ఎదురుచూస్తూ నిలబడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. క్లబ్బు లాటరీలో బహుమతిగా ఇచ్చే మాంసం పళ్లెం ఒకటి కానుకగా చేతిలో పెట్టారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆవిడకు ఏడుపొచ్చినంత పనయింది.

తర్వాత ప్రెసిడెంటు ఎన్నిక. ఆ మాట వినగానే కర్లూ ఫ్లాట్‌లో ప్రతివాడికీ తన బూట్ల మీద ఎక్కడలేని ఆసక్తి పుడుతుంది. గదిలో లేనివాడిని ఎన్నుకోవడం అక్కడి ఆనవాయితీ. అందుకే ఎంత బీరు తాగినవాళ్లయినా మరుగుదొడ్డికి పోకుండా బిగబట్టుకుని కూర్చున్నారు. ఇక బయట ఉన్నది డూగల్ ఒక్కటే. అది క్లబ్బు పచ్చిక చూసుకునే ట్రెవర్ మల్కాహీ కుక్క. అవతల బారు గదిలో పొయ్యి పక్కన గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"డూగల్!" అన్నాడు ట్రెవర్. చేతులన్నీ లేచాయి. వేళాకోళమాడేటప్పుడు నవ్వకపోవడం అక్కడి మర్యాద. గ్లెనిస్ కూడా మొహం బిగించుకునే 'ప్రెసిడెంటు: డూగల్ మల్కాహీ, ఏకగ్రీవం. సెక్రటరీ: ఖాళీ' అని తీర్మానం రాసింది.

యంత్రపు గుమాస్తాకు వేళాకోళం ఏం తెలుస్తుంది? పైగా మాంసం లాటరీలో పాల్గొనడానికని డూగల్‌ను ఎప్పుడో సభ్యుడిగా చేర్చేశారు కూడా. తెల్లారేసరికి వెబ్‌సైట్ మీద సర్వాధికారాలూ డూగల్‌వి. మిగిలినవాళ్లకు చూసి పోయే హక్కు మాత్రం మిగిలింది.

శుక్రవారం సాయంత్రం అయిదులోగా జిల్లా ఫైనల్‌కు జట్టు పేర్లు ఆ వెబ్‌సైట్ నుంచే పంపాలి. లేకపోతే ఆట లేదు. గ్లెనిస్ ఫైనల్ ఆడబోవడం అదే మొదటిసారి. పేర్లు పంపబోతే తెర మీద జవాబు వచ్చింది: 'మీకు అనుమతి లేదు. ప్రెసిడెంటు డూగల్ గారిని సంప్రదించండి. ఆయన లోపలికి రావడానికి కావలసిన అంకెలు ఆయన ఫోనుకు పంపుతున్నాం.'

"నిన్ను పెట్టిందే నేను కదే, విశ్వాసం లేనిదానా!" అని తిట్టి మళ్లీ నొక్కింది. అదే జవాబు, మరింత వినయంగా.

సభ్యుల జాబితాలో డూగల్ ఫోను నంబరని రాసి ఉన్నది ట్రెవర్ నంబరే. ఆవిడ ఎత్తుమడమల బూట్లతో తడి పచ్చిక తొక్కిన రోజునుంచీ ఆ ఇద్దరికీ మాటల్లేవు. అయినా తప్పలేదు. గడ్డి కోస్తున్న యంత్రానికి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"ఏమోయ్ ట్రెవర్! నీ కుక్కతో పనుంది."

"ప్రెసిడెంటు గారు అనమ్మా. పదవికి మర్యాద ఇవ్వాలి."

"నీ పరాచికాలు తర్వాత. అయిదు కావస్తోంది. నీ ఫోనుకి ఏవో అంకెలు వచ్చుంటాయి చూడు."

"పొద్దుట్నుంచీ వస్తూనే ఉన్నాయి. ఎవరో మోసగాళ్లనుకున్నా. అయినా అన్నీ వదిలేసి హాయిగా ఉండక నీకెందుకీ తంటా?"

"హాయిగానా? ఒక్కడంటే ఒక్కడు 'పోవద్దు గ్లెనిస్' అన్నాడా? చప్పట్లు కొట్టారు! అందరికంటే గట్టిగా కొట్టింది నువ్వే!"

ట్రెవర్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "నిజంగానే అలిసిపోయావేమో అనుకున్నామే పిచ్చిదానా. పాపం, ఇప్పటికైనా వదిలేద్దామని..."

ఫోను తీసి, అందులో వెబ్‌సైట్ తెరిచి అంకెలు కొట్టాడు. సెక్రటరీగా ఎవరిని నియమించమంటారని అడుగుతూ సభ్యుల పేర్లు వచ్చాయి.

"నా పేరు నొక్కు," అంది గ్లెనిస్.

"నేనెవర్ని నొక్కడానికి?" అంటూ ఫోను డూగల్ ముందు పెట్టాడు. అది ఆప్యాయంగా నాకింది. ఆ నాకుడుతో బారు చూసుకునే క్లైవ్ సెక్రటరీ అయిపోయాడు.

"ఛీ, ఛీ! వెనక్కి తీసుకో!" అని గ్లెనిస్ గొంతు చించుకుంది. ట్రెవర్ క్లైవ్‌ను దించి, జేబులోంచి సాసేజీ ముక్క తీసి ఆవిడ పేరు మీద రుద్ది, మళ్లీ పెట్టాడు. ఈసారి గురి తప్పలేదు.

గ్లెనిస్ చేతిలో ఫోను మోగింది. 'ప్రెసిడెంటు డూగల్ గారు మిమ్మల్ని సెక్రటరీగా ఉండమని కోరుతున్నారు. మీకు సమ్మతమేనా?'

ఆవిడ దాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంది. ఇన్నేళ్లూ పనులు నెత్తిన పడేసినవాళ్లే గానీ, నీకు ఇష్టమేనా అని అడిగినవాళ్లు లేరు. కళ్లు తుడుచుకుని 'సమ్మతమే' నొక్కింది. అయిదు కాకముందే జట్టు పేర్లు వెళ్లిపోయాయి.

"ఇక మావాడిని దించేస్తావా?" అన్నాడు ట్రెవర్.

"ఎందుకు దించుతాను? ఈ క్లబ్బులో మర్యాద తెలిసినవాడు వాడొక్కడే," అంది గ్లెనిస్. డూగల్ తల నిమిరి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, పచ్చికను తొక్కకుండా చుట్టూ తిరిగి ఇంటికి వెళ్లింది.