అత్త అలిగిన ఫిక్స్‌డ్ డిపాజిట్

చిన్న కంపెనీల మ్యూచువల్ ఫండు ఎంచుకోవడానికి నేను పడిన తంటాలు పెళ్లిసంబంధాలు చూసేవాళ్లు కూడా పడి ఉండరు. హిందూపురంలో కాపురం, పెనుకొండలో ఆఫీసు. పోతూ వస్తూ బస్సులో అదే పని. పక్క సీటులో కూర్చునే సహోద్యోగిని, "పోయినేడు ఏది ఎక్కువ పెరిగిందో చూసి ఏసేయండి మేడం, ఇంత ఆలోచన యాల?" అనేది. నాకది మింగుడుపడలేదు. ఎంత పెరిగిందో అందరూ చెబుతారు. మార్కెట్ పడినప్పుడు ఎంత పడింది, మళ్లీ లేవడానికి ఎన్నాళ్లు పట్టింది, అది వెతుక్కున్నాను. చివరికి మధ్యస్థాయి కంపెనీల ఫండొకటి, చిన్న కంపెనీల ఫండొకటి పట్టుకుని నెలనెలా కట్టడం మొదలుపెట్టాను. అదంతా కూతురి పై చదువుకని.

మా అత్త ధర్మవరంలో ఉంటుంది. మగ్గం మానేశాక చేతిలో మిగిలిన డబ్బు తెచ్చి, "నీ దుడ్లు యాడ ఏస్తాండావో నావీ ఆడే ఏయి" అంది. ఆమెవి అరిగిపోయిన మోకాళ్లు. ఆసుపత్రి ఖర్చు ఎప్పుడు మీద పడుతుందో తెలియదు. ఆ డబ్బు చిన్న కంపెనీల్లో పెట్టడానికి మనసొప్పక బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించాను. అక్కడ మొదలైంది అలక.

"నీవి పెరిగేదాంట్లో, నావి నిద్రపొయ్యేదాంట్లోనా?" అని వచ్చినప్పుడల్లా దెప్పేది. నా ఫండు పెరిగిందని మా ఆయన నోరు జారిన రోజు నేనిచ్చిన కాఫీ కూడా ముట్టేది కాదు. నేనూ తక్కువ తినలేదు. "నీ మోకాలు మార్కెట్టును అడిగి నొస్తాదా అత్తా?" అనేదాన్ని.

కూతురికి బెంగళూరులో కోరుకున్న కాలేజీలో సీటొచ్చింది. సరిగ్గా అప్పుడే మార్కెట్ కూలింది. పెరిగిందంతా పోయి, కట్టినదానికీ గండి పడింది. ముందే కొంత తీసి పక్కన పెట్టాల్సింది, ఇంకాస్త పెరగనీ అని ఆశపడ్డాను. ఫీజు గడువు ముంచుకొచ్చింది. కట్టకపోతే సీటు పోతుంది, కట్టాలంటే నష్టానికి అమ్మాలి. వంటింట్లో కూర్చుని ఏడ్చేశాను.

ఆ వారమే అత్త వచ్చింది. మా ఆయన సంగతంతా చెప్పాడు. ఇంకేముంది, దెప్పడం మొదలవుతుందని కాచుకున్నాను.

"అమ్మద్దు," అంది అత్త. "పెండ్లిండ్లు లేని కాలంలో బియ్యానికని చీర తీసకపోయి, షావుకార్లు ఎంతంటే అంతకిచ్చి వచ్చేటోళ్లం. దావంతా ఏడుస్తానే వచ్చేదాన్ని. ఆ ఏడుపు నీకొద్దు. బ్యాంకులో నావి ఉండాయి కదా, తీసి బిడ్డకి కట్టు."

"నీ మోకాళ్లో?"

"నొప్పి యాడికీ పోదులే, ఈడే ఉంటాది. సీటు పోతాది."

ఆ డబ్బుతోనే పిల్ల కాలేజీలో చేరింది. అత్త ఏడాది పైగా ఆ నొప్పితోనే నడిచింది. ఒక్కసారి కూడా ఆ డబ్బు మాటెత్తలేదు.

మార్కెట్ తేరుకున్నాక నా ఫండులోంచి ముందు తీసింది అత్త డబ్బే. ఆమెను ధర్మవరంలో బ్యాంకుకు తీసుకుపోయాను. నా భుజం మీద బరువంతా మోపి మెట్లెక్కుతూ, "మళ్లా దీంట్లోనేనా?" అంది.

"దీంట్లోనే. ఇంక తీసేది నీ ఆపరేషనుకే."

మూతి ముడుచుకుంది. అంత వెతికి ఎంచుకున్న ఫండ్లు కష్టంలో నాకు అక్కరకు రాలేదు. నేను ఎంచుకోని మనిషి, పెళ్లితోపాటు వచ్చిన మనిషి, ఆదుకుంది. ఆ మాటే ఆమెతో చెప్పాలని మెట్ల మీద ఆగాను.

అత్త నా భుజం మీద చెయ్యి తీయకుండానే, "యాల నిలబడితివి? పా," అంది.