తన పేరునే సమాధుల్లో వెతికిన సాదెత్తిన్ ఉస్తా

రజాయిలు కుట్టే మేస్త్రీ సాదెత్తిన్ ఉస్తాకు ఏదో మాయదారి రోగం పట్టిందనీ, అందుకే ఫోనులో తన సమాధి తనే చూసుకుంటున్నాడనీ ఇజ్మీర్‌లో మా కొండవాలు పేటంతా ఒకటే గుసగుసలు. ఈ మాట పుట్టించింది కిరాణాకొట్టు రెమ్జీ. ఉల్లిపాయలు ఏరుకుంటూ ఉస్తా ఫోను బల్లమీద పెడితే, ఆగలేక అందులోకి తొంగిచూశాడు. ఊళ్లోని ఖబరస్తాన్‌లలో ఎవరు ఎక్కడున్నారో చెప్పే పేజీ అది. పేరు రాసే గడిలో ‘సాదెత్తిన్’ అని ఉంది. అంతవరకూ నిజం. రోగం మాత్రం రెమ్జీ సొంత కవిత్వం.

ఆ కవిత్వం పుణ్యమా అని, కాఫీకొట్టు పాచికలాటలో ఏనాడూ గెలవని ఉస్తా వరసగా గెలవసాగాడు. ఇరుగుపొరుగు గిన్నెలతో పప్పు సూపు పంపారు. భార్య నాదిరె నోరు విప్పి అడగలేక కూరల్లో ఉప్పు తగ్గించేసింది. ఉస్తాకు ఇదేమీ తలకెక్కలేదు. దూది ఏకి, రజాయిలు కుట్టి ఇంత పొడవు సూదిని ఆడించిన ఆ వేళ్లు ఇప్పుడు ఫోను అద్దాన్ని వదలడం లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, బాల్కనీలోకి వెళ్తాడు, చెప్పులు వేసుకుంటాడు, మళ్లీ విప్పుతాడు.

సంగతేమిటంటే, ఆ మధ్య సర్కారువాళ్లు ఎవరి వంశం వాళ్లు చూసుకునేలా ఆన్‌లైన్లో పెట్టారు. పేటవాళ్లంతా పోస్టాఫీసులో పాస్‌వర్డ్ తీసుకుని తాతముత్తాతల్ని తవ్వారు. రెమ్జీకి బోస్నియా తాత దొరికాడు, అప్పటినుంచి మనిషి నేలమీద నడవడం లేదు. ఉస్తా కూడా చూశాడు. అమ్మానాన్నల కింద ఒక్కడే కొడుకు. సాదెత్తిన్. పుట్టిన సంవత్సరం తనకంటే మూడేళ్లు ముందుది. పక్కన ‘సజీవం’.

అది తన సంవత్సరం కాదని ఆయనకు తెలుసు. మొదటి సాదెత్తిన్, అంటే ఈయన అన్న, పసితనంలోనే తట్టు పోసి పోయాడు. చావు చెప్పడానికి నాన్న కొండ దిగి ఆఫీసుకు వెళ్లలేదు. తరవాత ఈ పిల్లవాడు పుడితే, ఇంట్లో ఉన్న వాడి పుట్టుక కాగితమే, పేరుతో సహా, వీడికి సరిపెట్టారు. ఆ రోజుల్లో అందరూ చేసిన పనే. దాంతో పదిహేడేళ్లకే సైన్యం పిలిచింది. మీసమైనా మొలవని వాణ్ణి చూసి సార్జెంటు, “నీ బదులు మీ అన్న రావాల్సింది కదరా!” అన్నాడట. ఉస్తా ఇన్నాళ్లూ దాన్ని నవ్వుకుంటూ చెప్పేవాడు. తెరమీద ఆ ‘సజీవం’ చూశాక నవ్వు రాలేదు. వాణ్ణి ఎక్కడ పెట్టారో కనుక్కోవాలనిపించింది. అనిపించడమేమిటి, ఒంటికి దురద పట్టినట్టు పట్టుకుంది.

సాదెత్తిన్‌లు బోలెడుమంది దొరికారు. పళ్లవైద్యుడు సాదెత్తిన్, ఓడ సరంగు సాదెత్తిన్. రెండేళ్ల సాదెత్తిన్ మాత్రం లేడు.

ఇదిలా ఉండగా పక్కింటి మక్బూలె, ఆకుకూర రొట్టె పళ్లెంతో సరాసరి లోపలికి వచ్చింది.

“ఏమయ్యా ఉస్తా, ఎప్పుడు పోతున్నావట?”

“ఎక్కడికి అక్కా?”

“పైకి! పేటంతా నీకోసం మొహాలు వేలాడేసుకుని తిరుగుతుంటే!”

నాదిరె చేతిలో గరిటె పట్టుకునే ఏడుపు మొదలుపెట్టింది. ఉస్తా తెల్లబోయి, “అందుకేనా నా కూరలో ఉప్పు లేదు?” అన్నాడు. తరవాత అంతా చెప్పాడు.

మక్బూలె నెత్తి కొట్టుకుంది. “చచ్చాడని రాయించనే లేదంటున్నావు. మరి పోయినవాళ్లలో వాడి పేరెలా ఉంటుందయ్యా? అప్పట్లో పసిపిల్లలకు వేరే చోటెవరిచ్చారు? ఇంట్లో ముందు పోయిన పెద్దల కాళ్లదగ్గర పెట్టేవాళ్లు. మా చెల్లెళ్లిద్దరూ తాత కాళ్లదగ్గరే ఉన్నారు. మీ ఇంట్లో వాడికంటే ముందు ఎవరు పోయారు?”

“పెద్దవ్వ.”

“పేరు?”

పెద్దవ్వను ఇంటిల్లిపాదీ పెద్దవ్వ అనే అన్నారు. ఉస్తా మళ్లీ వంశం పేజీ తెరిచాడు. నాన్నకు తల్లి, హెస్నా. ఆ పేరు ఖబరస్తాన్ పేజీలో వేశాడు. తెరమీద చుక్క గిరగిరా తిరుగుతూనే ఉంది. ఉస్తా లేచి గది చుట్టూ తిరిగాడు.

“కూర్చోవయ్యా, నువ్వు తిరిగితే అది తొందరగా తిరగదు” అంది మక్బూలె.

హెస్నా దొరికింది. ఏ భాగం, ఏ వరస, అన్నీ ఉన్నాయి.

ముగ్గురూ మినీబస్సెక్కి వెళ్లారు. సరుగు చెట్లలాంటి పొడుగాటి సైప్రస్‌ల మధ్య ఉస్తా ఆడవాళ్లను వెనక వదిలేసి దాదాపు పరుగెత్తాడు. హెస్నా రాయి ఒక పక్కకు వాలిపోయింది. ఆమె కాళ్లవైపు గడ్డిలో మూరెడు రాయి, ఒక్క అక్షరం లేకుండా. నాదిరె బిందెతో నీళ్లు తెచ్చి రెండింటిమీదా పోసింది. ఉస్తా చేతులెత్తి ప్రార్థించి, వెంటనే రాయి కొలవసాగాడు, జానతో.

మక్బూలె నోరు ఊరుకోలేదు. “ఇది వాడిదేనని ఎవరు చెప్పొచ్చారు? పోనీ, వాడిదే అనుకో. ఇన్నేళ్లూ ఆ పేరుతో పెళ్లాడావు, పింఛను తిన్నావు. ఏనాడూ గుర్తురానివాడు ఇప్పుడెందుకయ్యా నీకింత తిప్పలు?”

ఉస్తా రాయిమీది బురదను బొటనవేలితో తుడిచాడు.

“నేను పోతే ఈ పేరు నా రాయిమీద చెక్కుతారు కదక్కా. అప్పుడు సాదెత్తిన్ లెక్క తేలిపోయిందనుకుంటారు. వీణ్ణి ఇక ఎవరూ వెతకరు. అందుకే ముందు ఇక్కడ చెక్కిస్తాను. వాడు నాకంటే పెద్దవాడు.”