రికార్డు ప్లేయర్, ఇయర్‌ఫోన్లు

మా మామగారి రికార్డు ప్లేయర్ మీద పాత పాటలు వింటూనే మా కాపురం మొదలైంది. ఆర్మూర్‌లో పసుపు వ్యాపారం దెబ్బతిని మా ఆయన దుబాయ్ వెళ్లాడు. ఆయన లేనన్నాళ్లూ ఆ రికార్డులను దుమ్ము పట్టకుండా తుడిచి దాచాను. పోయినేడు ఆయన తిరిగొచ్చిన సాయంత్రం, ఆయనకు బాగా ఇష్టమైన రికార్డు పెట్టాను. అప్పటికే ఆయన చెవుల్లో కొత్త ఇయర్‌ఫోన్లున్నాయి.

"గా గరగర ఎవలింటరు? ఫోన్ల మస్తు సాఫ్‌గ వస్తది," అన్నాడు.

"మరి నేనెట్ల వినాలె?"

"నీ ఫోన్ల నువ్వు పెట్టుకో. జర గా రికార్డు బంద్ చెయ్యి, డిస్టర్బ్ అయితుంది."

పాట సగంలో ఉండగానే ముల్లు ఎత్తేశాను. ఇప్పుడూ ఒకే సోఫాలో కూర్చుంటాం. ఆయన ఏ పాట వింటున్నాడో నాకు తెలియదు. నేను అడగను కూడా.