తిరుపతి నుంచి చిత్తూరుకు, ఓడిన జట్టుతో

షాహినా ఫోన్ చేయకపోతే నేను ఈ ప్రయాణం పెట్టుకునేదాన్ని కాదు. యూనివర్సిటీ రోజుల్లో తిరుపతి హాస్టల్లో మాదిద్దరిదీ ఒకే గది. ఇప్పుడు తను అక్కడే ఒక ప్రైవేటు మహిళా కళాశాల వాలీబాల్ జట్టుకు రెండో కోచ్. "చిత్తూర్లో సెమీఫైనల్ ఆడతాండారు మా పిల్లోళ్ళు. వచ్చి సూసిపో. ఈ తూరి కప్పు లేకుంటే టీమే తీసేస్తామని చెప్పినారు మేనేజ్‌మెంటోళ్ళు. మళ్ళా సూడాలన్నా ఉండదు" అంది. మరుసటి రోజే హైదరాబాద్ నుంచి రైలెక్కాను.

రైలు తెల్లవారేసరికి తిరుపతిలో దింపింది. మీరు బస్సులో వెళ్ళేట్టయితే స్టేషన్ నుంచి బస్టాండుకు సామాను తక్కువుంటే నడిచిపోవచ్చు. చిత్తూరు బస్సు కోసం ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. టికెట్ నూరు రూపాయలకు కాస్త అటూ ఇటూ, ప్రయాణం రెండు గంటల లోపు. నన్ను మాత్రం షాహినా కళాశాల వ్యాన్‌లోనే రమ్మంది. ఎక్కి ముందు సీట్లో కూర్చోబోతే డ్రైవర్ మునస్వామి ఆపాడు. "ఆ సీటు మేడందిమా. కాలు సాపుకోవాల. మోకాలు మడిసి కూర్చుంటే మళ్ళా ల్యావలేదు." మేడం అంటే హెడ్ కోచ్ రెడ్డెమ్మ. యాభై దాటని మనిషి. వ్యాన్ మెట్టు ఎక్కడానికి రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది.

చంద్రగిరి దాటాక షాహినా పాత సంగతులు మాట్లాడింది. వాళ్ళది శ్రీకాళహస్తిలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం. ఎండిపోయిన స్వర్ణముఖి ఏటి ఇసుకలో అన్నలతో ఆడి ఆట నేర్చుకుంది. "ఇసకలో ఎగిరినోళ్ళకి గట్టినేల మింద ఎగరడం ఒక లెక్కా?" అని నవ్వింది. యూనివర్సిటీ జట్టుకు ఎంపికయినప్పుడు, దూరం ఊళ్ళకు పంపేది లేదని వాళ్ళ నాన్న ఆపేశాడు. ఆ రోజు తను గదిలో ఎలా ఏడ్చిందో నాకు గుర్తుంది. "ఓడిపోయుంటే మర్చిపోయేదాన్ని. ఆడనీకుండా ఆపినారు సూడు, అది ఇప్పటికీ అరగలా" అంది.

పూతలపట్టు దగ్గర టిఫిన్‌కు ఆగాం. రోడ్డు పక్క చిన్న హోటల్, యాభై రూపాయల్లో కడుపు నిండుతుంది. వేడి ఇడ్లీలు, చెనిక్కాయల చట్నీ, అదే మన పల్లీ చట్నీ. వడ్డించే ఆవిడ పిల్లల్ని వదలలేదు. "ఇంకో రెండు ఎయ్యనా పాపా? ఎగరాల్సినోళ్ళు, వద్దంటే ఎట్ల?" అందరూ తింటుంటే లావణ్య అనే అమ్మాయి చివరగా వ్యాన్ దిగింది. జట్టుకు ప్రాణం లాంటి ఆటగత్తె. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగడం రెడ్డెమ్మ చూసింది. తినడం ఆపేసింది.

"కాలు ఎట్లుండాది?"

"బాగుండాది మేడం."

"నొప్పి లేదు గదా?"

"ల్యా మేడం. నిజంగా."

ఆ అమ్మాయి అబద్ధం ఎందుకు చెబుతోందో అందరికీ తెలుసు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలిచ్చే సంస్థ నుంచి ఇద్దరు ఆ రోజు ఆట చూడ్డానికి వస్తున్నారు.

అప్పుడు రెడ్డెమ్మ నాతో తన కథ చెప్పింది. ఐరాల దగ్గర పల్లె, చెరకు రైతు కూతురు. మగపిల్లల ఆటలో ఒకరు తక్కువైతే పిలిచారట, ఆ పిలుపు ఆమెను రాష్ట్ర జట్టు దాకా తీసుకెళ్ళింది. ఒక పెద్ద ఆటకు ముందు మోకాలు వాస్తే, ఆమె కోచ్ నొప్పి తెలియకుండా సూది వేయించి ఆటలోకి దింపాడు. "గెల్సినాము. అందురూ నన్ను బుజాల మింద ఎత్తుకున్నారు. దించినాక నిలబడలేకపోయినా. అదే కడ, మళ్ళా ఆడలా."

చిత్తూరు మైదానం గ్యాలరీలో నీడ లేదు. తలా ఒక సెట్ గెలిచారు. గెలుపు తేల్చే మూడో సెట్లో లావణ్య కొడుతుంటే అవతలి పిల్లలు బంతిని ముట్టుకోలేకపోయారు. మా జట్టే ముందుంది. అంతలో ఎగిరి దిగేటప్పుడు ఆమె కాలు పక్కకు మడత పడింది. వెంటనే లేచి, ఏమీ కాలేదన్నట్టు చేయి ఊపింది. రెడ్డెమ్మ ఆటగత్తెను మార్చమని సైగ చేసింది.

"వద్దు మేడం, ఆడతా!" అని అరిచింది లావణ్య.

"అక్కా, నాలుగు పాయింట్లే. ఆడనీ అక్కా. ఆపొద్దు" అంటూ షాహినా రెడ్డెమ్మ చేయి పట్టుకుంది. రెడ్డెమ్మ చేయి విడిపించుకుంది. లావణ్య బయటికొచ్చింది. ఆ నాలుగు పాయింట్లు మాకు రాలేదు. చూడ్డానికి వచ్చిన ఇద్దరూ కారెక్కి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి పేరు కూడా అడగలేదు.

నేరుగా ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన స్కాన్ చూసి, "లిగమెంట్ తెగలేదమ్మా, సాగింది అంతే. కొన్నాళ్ళు రెస్ట్ తీసుకుంటే సరిపోతుంది" అన్నాడు.

"ఆడుంటే తెగేదా సార్?" అని అడిగింది లావణ్య.

"తెగొచ్చు, తెగకపోవచ్చు. ఎవురు చెప్పగలరు?"

వ్యాన్ బయలుదేరిన కాసేపటికి ప్రిన్సిపాల్ ఫోన్ చేసి జట్టు ఇక లేదని చెప్పాడు. ఎవరూ ఏడవలేదు. లావణ్య వెనక సీట్లోంచి, గొంతు పెంచకుండా అంది: "మీకు దక్కలేదని నాకూ దక్కనీకుండా చేసినారు గదా మేడం." రెడ్డెమ్మ వెనక్కి తిరగలేదు. షాహినా మేడం తరఫున ఒక్క మాట చెబుతుందేమోనని చూశాను. తను కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పూతలపట్టులో రెడ్డెమ్మ ఊరికి పోతానని దిగింది. ఆమెను ఒంటరిగా వదల్లేక, తిరుపతికి బస్సులో వస్తానని చెప్పి నేనూ దిగాను. ఐరాల బస్సు కోసం నిలబడ్డాం. రోడ్డు వైపు చూస్తూ ఆమే మొదలుపెట్టింది. "డాక్టరు సాగిందనె గదా, అప్పుడు నాకేమనిపిచ్చిందో తెల్సునా? తెగిందని చెప్పుంటే బాగుండుననుకున్నా. నా బిడ్డట్లాంటి పిల్ల కాలు తెగుంటే బాగుండునని." బస్సు వచ్చింది. కండక్టర్ చేయి అందిస్తే పట్టుకుని ఎక్కింది.

ఆమె చేసింది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు. రెడ్డెమ్మకు ఆడించడం వల్ల ఆట పోయింది, షాహినాకు ఆపడం వల్ల పోయింది. ఆ ఇద్దరి మధ్యా నిలబడిన పిల్లకు ఏ దారీ మిగల్లేదు. ఈ మధ్య ఫోన్ చేస్తే, షాహినా శ్రీకాళహస్తిలో అన్న దుకాణంలో కూర్చుంటున్నానంది. రెడ్డెమ్మతో మాట్లాడటం లేదట. లావణ్య సంగతి తనకూ తెలియదు.

తెలిసిన జట్టు ఆట చూడ్డానికి చిత్తూరు వెళ్ళేవాళ్ళకు ఒకటే చెబుతాను. వెళ్ళేటప్పుడు వాళ్ళ వ్యాన్‌లో వెళ్ళినా, తిరుగు ప్రయాణం మాత్రం ఆర్టీసీ బస్సులో పెట్టుకోండి. సాయంత్రం దాకా తిరుపతికి బస్సులకు కొదవ లేదు. ఓడిపోయినవాళ్ళను కాసేపు వాళ్ళ మానాన వదిలేయాలి.