కారులో కనపడ్డ తాబేలు

మొన్నాదివారం నేను కొత్త పట్టుసీర కట్టుకుని, సేపల ఆటో ఎనకాల కూకుని శ్రీకూర్మం ఎల్లొచ్చాను. ఇంటిముందు కొత్త కారు ఉండగానే. టీ తాగుతా ఇనండి, నేనే సెప్తాను. నవ్వడం మాత్రం ఆఖర్న.

మా అక్కావాళ్లది సముద్రం ఒడ్డున ఊరు. బావది సేపల యాపారం, ఓ పాత ట్రక్కు ఆటో ఉన్నాది. అక్క మనవరాలికి శ్రీకూర్మంలో అన్నప్రాసన పెట్టుకున్నారు, పదిన్నరకి ముహూర్తం. బావ మన ఆటోలో పోదామన్నాడు. నేనూరుకుంటానా? "పసిదాన్ని ఆ సేపల కంపులో తీసుకెల్తావా బావా? శ్రీకాకుళం మా ఇంటికొచ్చీండి. అక్కణ్నుంచి మా కరెంటు కారులో ఏసీ ఏసుకుని దర్జాగా ఎల్దాం" అన్నాను. బావ తువ్వాలు దులిపి భుజాన ఏసుకున్నాడు. "సరే మరదలా, నీ ఇష్టం" అన్నాడు. నొచ్చుకున్నాడని నాకు తెలిసింది. అయినా ఎనక్కి తగ్గలేదు.

శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తంటే కారు స్క్రీను మీద తాబేలు బొమ్మ ఎలిగింది. కారు కొన్న నెల్లాళ్లలో ఎప్పుడూ సూడలేదు. తెల్లారితే కూర్మనాథస్వామి గుడికి ఎల్తన్నాం, ఇయ్యాల కారులో తాబేలు. నాకు ఒళ్లు పులకరించిపోనాది. కారు కూడా మెల్లగా నడుస్తన్నాది, అదీ భక్తే అనుకున్నాను.

మా ఆయన ట్రైనింగని విజయనగరం ఎల్లారు, ఇంట్లో నేనూ మా అత్తే. "అత్తా, స్వామి కారులోకి వచ్చీసాడు, సూడు" అని పిలిసాను. అత్త రెండు సేతులూ ఎత్తి దండం పెట్టి, కుంకంబరిణి పట్టుకొచ్చినాది. తాబేలు మీద ఇంత బొట్టు పెట్టాను.

"కారుకి పెట్టి సార్జరుకి మానేస్తే ఎలాగమ్మా?" అన్నాది అత్త.

నిజమే కదా. గోడకి ఆ పెట్టి బిగించి వారమైనాది, కొబ్బరికాయైనా కొట్టలేదు. దాని మధ్యన గుండ్రంగా ఓ ఎర్ర బటను ఉన్నాది. నాకు అదే మొకంలాగ కనిపించింది. పసుపు రాసి, కుంకం బొటనేలితో గట్టిగా ఒత్తి పెట్టాను. మీద బంతిపూల దండ ఏసాను. ఛార్జింగ్ గన్ను కారుకి తగిలించీసి లోపలికి పోయాను.

పొద్దున్న ఏడింటికి సూస్తే ఏటున్నాది? ఛార్జింగ్ మూడు శాతం. రాత్రంతా ఏటీ ఎక్కలేదన్న మాట. ఛార్జరు మీద ఎర్ర లైటు.

నా బుర్ర పనిచెయ్యలేదు. ఇంట్లో ఫ్యాను తిరుగుతన్నాది, ఫ్రిజ్జు సల్లగానే ఉన్నాది, దీనికేటి రోగం? మీటరు దగ్గర ఎంసీబీ స్విచ్చి దించి ఎత్తాను. గన్ను పీకి మళ్లీ పెట్టాను. కారు తాళమేసి తీసాను. ఫోన్లో యాప్ తెరిస్తే "ఛార్జర్ సిద్ధంగా లేదు" అంతాది. పట్టుసీర కట్టుకుని నేను సిద్ధంగా ఉన్నాను, గోడకున్న పెట్టికి ఏటి సిద్ధమవ్వాలి?

అప్పుడు గుర్తొచ్చినాది. బిగించినాయన ఎర్తింగ్ సరిగా లేకపోతే మొదలవ్వదని సెప్పాడు, ఎర్తు గుంటలో అప్పుడప్పుడు నీళ్లు పొయ్యమన్నాడు. ఉప్పేస్తే ఇంకా మంచిదని అత్త అన్నాది. ఆవకాయకని దాసిన నౌపడ ఉప్పు బేసిన్నిండా తెచ్చి గుంటలో కుమ్మరించింది. నేను పట్టుసీర ఎగదోపుకుని నాలుగు బకెట్ల నీళ్లు మోసాను. లైటు ఎర్రగానే ఉన్నాది.

ఎనిమిదిన్నరకి బావ ఆటో వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి అక్కా, అక్క కూతురూ, దాని సంకన పట్టులంగా ఏసుకున్న పసిదీ దిగారు. బావ నన్నూ, బకెట్టునీ, గోడకున్న దండనీ సూసి, "ఏటి మరదలా, గోడకి పూజ సేస్తన్నావా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చీసింది. ఏ మొకం పెట్టుకుని మళ్లీ ఆయన ఆటో అడగను?

ఛార్జరు కంపెనీకి ఫోన్ సేసాను. నా కర్మ కొద్దీ స్పీకర్లో పెట్టాను.

"మేడమ్, ఎమర్జెన్సీ స్టాప్ ఎవరైనా నొక్కారా?" అంది ఫోనెత్తిన అమ్మాయి.

"మా ఇంట్లో సిన్నపిల్లలు లేరమ్మా. ఎవరు నొక్కుతారు?"

"ఎర్ర బటన్ ఉంటుంది మేడమ్. లోపలికి పోయి ఉందేమో చూడండి."

దండ తీసి సూసాను. లోపలికే ఉన్నాది, నా బొటనేలి అచ్చుతో సహా. కుడివైపు తిప్పమంది. తిప్పగానే టక్కుమని బయటికొచ్చి పచ్చ లైటు ఎలిగింది.

"ఇంకొకటి మేడమ్, కారులో తాబేలు గుర్తు ఏమైనా వచ్చిందా?"

"వచ్చిందమ్మా. నిన్న సాయంత్రం దర్శనమిచ్చాడు."

"అది ఛార్జ్ బాగా తగ్గిపోయిందని చూపించే గుర్తు మేడమ్. అందుకే బండి నెమ్మదిగా వెళ్తుంది."

బావ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు మాత్రం ఊగుతన్నాయి.

పోనీలెండి, మొదలైంది కదా. తొమ్మిదైనాది. ముప్పావుగంట ఎక్కితే శ్రీకూర్మం ఎల్లడానికి సరిపోతాదని లెక్కేసి, అందరికీ ఇడ్లీలు పెట్టాను. బావకి రెండు ఎక్కువేసి, "నవ్వింది సాలు, తిను. ఏసీలోనే తీసుకెల్తాను" అన్నాను.

తొమ్మిదీముప్పావుకి గన్ను తీద్దామని బయటికెల్లాను. ఎర్ర లైటు. బటను లోపలికి. దాని మీద తడి ఆరని కుంకం.

ఎనక్కి తిరిగితే అత్త బరిణి పట్టుకుని నిలబడి ఉన్నాది. "ఇందాక నువ్వు తిప్పినప్పుడు బొట్టు సెరిగిపోనాదమ్మా. మంచి పనికి ఎల్తా అలగ వదిలెయ్యకూడదు కదా. నువ్వు పెట్టినట్టే గట్టిగా ఒత్తి పెట్టాను" అన్నాది.

ఆవిణ్ని ఏటనగలను? పెట్టి సూపించింది నేనే. కారు నాలుగు శాతం దగ్గర ఆగిపోనాది.

బావ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. ఆటో ఎనకాల కడిగి, గోనెసంచులు పరిసి, మీద దుప్పటి ఏసాడు. "రోజూ నా ఆటోకి బొట్టు పెడతన్నాను. ఒక్కరోజు ఆగలేదు మరి" అన్నాడు, అంతే. పసిది తల్లి ఒళ్లో ముందు సీట్లో కూకుని, ఆటో సప్పుడికి దారంతా కేరింతలు కొట్టింది. దానికి సేపల కంపు ఏటీ అనిపించలేదు.

పదిన్నరకి నోట్లో పరమాన్నం ముద్ద పడింది. నేను స్వామి ముందు నిలబడి, "కారులోకి వచ్చావు సరే. ఛార్జింగ్ అయిపోయిందని ఒక్క ముక్క ముందే సెప్పొచ్చు కదా తండ్రీ" అని నిలదీసాను.

ఇంటికొచ్చి, కారు స్క్రీను మీద కుంకం తడిగుడ్డతో తుడిసాను. కింద తాబేలు ఇంకా ఎలుగుతానే ఉన్నాది. ఆయన నిన్నట్నుంచీ సెప్తానే ఉన్నాడు. బొట్టు పెట్టి నోరు మూసింది నేనే.