మలుపు దగ్గర ఆగే ఇంజను

వర్లిన్ స్ట్రౌడ్ మోటారు సైకిలు వస్తోందంటే అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరికి అరమైలు ముందే తెలిసిపోతుంది. తెల్లగడ్డం, మోచేతుల దగ్గర అరిగిన తోలుకోటు, దాని మీద వియత్నాంలో తాను పనిచేసిన దళం గుర్తు. ప్రతి శనివారం బండికి జెండా కట్టి, నేస్తాలను వాళ్ళ బండ్లతో వెంటేసుకుని మాజీ సైనికుల ఆశ్రమానికి వెళ్తాడు. అయితే మొక్కజొన్న చేను మలుపులోనే ఇంజన్లన్నీ ఆపించి, అంత బరువు బండినీ రొప్పుతూ గేటుదాకా తోసుకెళ్తాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడాది, వీధిలో లారీ టప్పుమంటే తుపాకీ పేలిందనుకుని తను హోటల్లో బల్ల కింద దూరడం, జనం పగలబడి నవ్వడం అతను మరిచిపోలేదు.

మొన్న వరండాలో చక్రాల కుర్చీలోంచి ఆరిన్ హాస్కెట్ కేకేశాడు. కొరియా యుద్ధం చూసొచ్చిన మనిషి.

"ఏరా అబ్బాయ్, వారం వారం మొండికేసిన ఆవుని తోలుకొచ్చినట్టు ఆ బండిని తోసుకొస్తావేం?"

"చప్పుడుకి మీరంతా ఉలిక్కిపడతారని, పెద్దాయనా."

"ఇక్కడ సగం మందికి చెవుడేరా! నేను కొరియా నుంచొచ్చి బస్సు దిగిననాడు మా వీధిలో చప్పుడన్నదే లేదు. మంగలి కిటికీలోంచి చూసి, 'ఈమధ్య కనపడ్డం లేదే?' అన్నాడు. అంతే. ఇన్నేళ్ళకి నాకోసం గోల చేసేవాళ్ళొస్తే, నువ్వు వాళ్ళ నోరు నొక్కుతావా?"

వర్లిన్ నేస్తాలందరికీ వెనక్కి రమ్మని సైగ చేశాడు. బండి వెనక్కి తిప్పి, మళ్ళీ మలుపుదాకా తోసుకుపోయాడు. కాసేపటికి చేను అవతల ఇంజన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఆరిన్ వీపు నిటారుగా నిలిపి, అప్పుడే బస్సు దిగుతున్నవాడిలా టోపీ సర్దుకున్నాడు.