వెనక్కి వేసిన అడుగు

పదకొండేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఎంత బరువని మీరు అడిగితే, మామూలుగా రెండు లారీల కంకర అనేవాణ్ణి. మీరు నవ్వితే మూడు లారీలు చేసేవాణ్ణి. ఈసారి పెంచకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. అది ఒక మాట బరువు. మైకులో నవ్వుతూ అన్న మాట. తలచుకున్నప్పుడల్లా నోట్లో పులిసిన కూడు రుచి తగులుతుంది. ఉమ్మేస్తే పోయేదైతే ఎప్పుడో ఉమ్మేసేవాణ్ణి.

నేనెవరో చెప్పను. తమిళనాడులోని గుడియాత్తంలో మైకు పట్టుకునేవాణ్ణని మాత్రం చెబుతాను. పెళ్ళయినా, కబడ్డీ అయినా, పిల్లకి చెవులు కుట్టించినా నా గొంతు ఉండాల్సిందే. నా నోట్లో పడింది ఏదీ ఉన్న కొలతలో బయటికి రాదు. మా వీధి కుక్క నా పంచె చింపితే సాయంత్రానికి అది చిరుత అయింది. మర్నాటికి రెండు చిరుతలు. జనం నన్ను పిలిచేది అందుకే. అదొక జబ్బు అని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వినేవాణ్ణా? వినేవాణ్ణి కాదు. దాన్నీ ఒక జోకు చేసేవాణ్ణి.

మునిరత్నం సంగతి చెప్పాలి. గోడలకు పూత పూసే మేస్త్రి. మాలాగే తరాల నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. పగలు గోడలు, సెలవు రోజుల్లో బాక్సింగు. మా ఊళ్ళో అప్పటికి రింగు లేదు. జోలార్పేటకో ఆర్కాడుకో పోయి ఆడి వచ్చేవాడు. తోడు వెళ్ళేవాణ్ణి నేనొక్కణ్ణే, తువాలు, నీళ్ళ సీసా పట్టుకుని. కాబట్టి మునిరత్నం ఆటను మా ఊరు కళ్ళతో చూడలేదు. నా నోటితో చూసింది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. నా పాపమంతా ఇందులోనే ఉంది.

పూత పనివాణ్ణి ఎప్పుడైనా నిలబడి చూశారా? తాపీతో సిమెంటు విసిరి కొడతాడు. రుద్దుతాడు. ఆ తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, తల ఎడమ పక్కకి కొంచెం వంచి, ఎక్కడ ఎత్తుంది, ఎక్కడ పల్లముంది అని చూస్తాడు. మళ్ళీ ముందుకొచ్చి ఆ పల్లంలోనే కొడతాడు. మునిరత్నం రింగులోనూ అంతే. ఎడమ చేత్తో రెండు తాకుళ్ళు, ఒక అడుగు వెనక్కి, తల వంచి ఒక చూపు, మళ్ళీ తాకుడు. అతని చేతిలో పెద్ద బలం లేదు. ఓపిక ఉంది. మూడు రౌండ్లూ అలా తాకి తాకి పాయింట్ల మీద గెలిచేవాడు. చూసేవాళ్ళకి ఆవలింతలు వచ్చేవి. నాకూ వచ్చేవి.

జోలార్పేటలో ఒకసారి, స్టేషను పక్కన వేసిన రింగులో, రైల్వే షెడ్డులో పనిచేసే ఒక లావుపాటి మనిషితో ఆడాడు. మూడో రౌండులో ఆ మనిషి తడిమీద కాలు జారి కూర్చున్నాడు. వెంటనే లేచి, నిక్కరు దులుపుకుని, మళ్ళీ ఆడాడు. మునిరత్నం పాయింట్ల మీద గెలిచాడు. జరిగింది ఇంతే.

మర్నాడు బస్టాండు దగ్గర టీ కొట్లో నేను చెప్పింది వేరు. మునిరత్నం ఒక్క గుద్దు గుద్దాడు. ఆ మనిషి నిలువునా పడ్డాడు. ప్లాట్‌ఫారం మీద ఆగిన రైలు బెంగుళూరు పోయి, తిరిగి జోలార్పేట వచ్చి చూస్తే వాడింకా లేవలేదు. టీ కొట్టు పగలబడి నవ్వింది. వారం తిరగకుండా మునిరత్నానికి ఒంటిగుద్దు మునిరత్నం అని పేరు పడింది. వేలూరులో ఇల్లు కట్టుకునేవాళ్ళు కూడా ‘ఒంటిగుద్దు మేస్త్రినే పిలవండి’ అనేవాళ్ళు, గుద్దుకీ గోడకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు. మునిరత్నం నన్ను పక్కకి పిలిచి, “ఏందప్పా, ఇట్ల చెప్పి పెట్టినావు? నేను యాడ కొట్టినాను?” అన్నాడు. సిగ్గుపడుతూనే అన్నాడు. తర్వాత ఆ సిగ్గూ పోయింది. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు. అతణ్ణి తప్పు పట్టను. పొగడ్త ఎవరికి చేదు?

కామెర్లు వచ్చి పోయాడు. అప్పటికి కొడుకు సంపత్తుకి పదమూడేళ్ళు. తండ్రి తాపీ, తండ్రి గ్లవుజులు, తండ్రి గురించి నేను అల్లిన కథ, ఈ మూడూ వాడికి దక్కాయి. మొదటి రెండూ వాడి చేతులకి సరిపోయాయి.

వాడికి ఇరవై ఏళ్ళు వచ్చేసరికి మా ఊళ్ళోనూ రింగు కట్టారు. కల్యాణమండపం వెనక ఖాళీ జాగాలో, వాసాలు పాతి, తాళ్ళు బిగించి. గెలిచినవాణ్ణి వేలూరు జట్టులోకి తీసుకుంటారన్నారు. ఒంటిగుద్దు కొడుకు దిగుతున్నాడని ఊరంతా మాటలు. తండ్రంతటివాడా, కాదా? ఆ ప్రశ్నని ఊరి మీదికి వదిలింది ఎవరు? నేనే. మూడు రోజులు ఆటోలో తిరిగి, మైకులో అరిచి వదిలాను. రైలు కథని అప్పటికి మద్రాసు దాకా పొడిగించి ఉన్నాను.

పోటీ ముందురోజు పొద్దున సంపత్తు టీ కొట్టుకి వచ్చాడు. వేళ్ళ సందుల్లో సిమెంటు. గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. కొట్లో ఇంకో నలుగురు ఉన్నారు.

“మామా, ఒక మాట అడగల్ల.”

“అడుగు నాయనా. నువ్వు అడగకుంటే ఎవరు అడుగుతారు?”

“మా నాయన్ని జోలార్పేటలో చూసినోడివి నువ్వొక్కడివే గదా. నిజంగానే ఒక్క గుద్దుకే పండబెట్టినాడా?”

“ఇప్పుడెందుకప్పా ఆ సందేహం?”

“నా చేతిలో అంత బలం లేదు మామా. తాకి తప్పుకో, అదే నీ ఆట అని మా మాస్టరు చెప్తా ఉండాడు. నాకూ అదే వస్తాది. వీళ్ళు చూస్తే గుద్దు గుద్దు అంటా ఉండారు. మా నాయన ఎట్ల ఆడినాడో తెలిస్తే నాకు ధైర్యంగా ఉంటాది. నవ్వకుండా చెప్పు మామా.”

నవ్వకుండా చెప్పు అన్నాడు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు నన్ను అడిగింది అంతే. ‘మీ నాయన కూడా తాకి తప్పుకునేవాడురా, నువ్వు అచ్చం ఆయనలాగే ఆడుతున్నావు’ అంటే ఐపోయేది. టీ చల్లారేలోపల ఐపోయేది. ఆ నలుగురూ మా వైపు తిరిగి చూస్తున్నారు. వాళ్ళ మొహాల్లో నవ్వు సిద్ధంగా ఉంది, నేను మీట నొక్కడమే ఆలస్యం.

“పండబెట్టినాడా అని అడుగుతావా! రేయ్, ఆ పొద్దు పడినోడు ఇంకా లేవలేదంట రా. వాడి చుట్టూ ప్లాట్‌ఫారం కట్టుకున్నారు!”

నలుగురూ నవ్వారు. సంపత్తు కూడా నవ్వాడు. “సరి మామా” అని గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు. వాడి నడక చూశాను. వెనక్కి పిలవాలనిపించిందా? అనిపించిందని రాస్తే మీకు నా మీద కాస్త దయ కలుగుతుంది. అనిపించలేదు. ప్లాట్‌ఫారం ముక్క కొత్తగా కుదిరింది, అది రేపు మైకులో ఎక్కడ వాడాలా అని ఆలోచించాను.

కొట్లో మేమిద్దరమే ఉండి ఉంటే నిజం చెప్పేవాణ్ణా? పదకొండేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. ఒక్కోసారి చెప్పేవాణ్ణి అనుకుంటాను, ఆ రాత్రి బాగా నిద్ర పడుతుంది, పొద్దున లేచేసరికి అది కూడా నేను నాకే చెప్పుకున్న రైలు కథ అని తెలిసి అద్దంలో మొహం చూసుకోబుద్ధి కాదు.

పోటీ సాయంత్రం. బాక్సింగు జరుగుతుంటే మైకువాడు నోరు మూసుకోవాలి, అది నియమం. మా ఊళ్ళో కబడ్డీ మైకే బాక్సింగుకీ పెట్టారు. కబడ్డీలో కూత కంటే మైకు గట్టిగా ఉంటుంది. కాబట్టి ఎవరూ నన్ను ఆపలేదు.

అవతల ఆర్కాడు కుర్రవాడు. మొదటి రౌండు మొదలైంది. సంపత్తు ఎడమ చేత్తో రెండుసార్లు తాకాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. తల ఎడమ పక్కకి కొంచెం వంచి చూశాడు.

నా చేతిలో మైకు ఆగింది. ఆ తల వంపు నేను ఎరుగుదును. తువాలు పట్టుకుని తాళ్ళ బయట నిలబడి ఎన్నోసార్లు చూసిన వంపు. మునిరత్నం మళ్ళీ పుట్టి వచ్చి నిక్కరు వేసుకున్నట్టు ఉంది. తండ్రి ఆటను వాడు ఎన్నడూ చూడలేదు. తండ్రి గోడ పని చేస్తుంటే చూశాడు, అంతే. అక్కణ్ణుంచి వచ్చింది ఆ అడుగు. ఆర్కాడు కుర్రవాడి గుద్దులు గాలిలో పోతున్నాయి. రౌండు మనవాడిదే. తండ్రంతటివాడా అని ఊరు అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడ, అందరి కళ్ళ ముందు, నిక్కచ్చిగా దొరికింది. ఆ జవాబు చదవగలిగినవాణ్ణి ఆ జాగా మొత్తంలో నేనొక్కణ్ణే.

జనానికి ఆవలింతలు వస్తున్నాయి. “ఏందిరా ఇది, ఒంటిగుద్దు కొడుకేనా?” అని ఎవరో అరిచారు. నేను కుర్చీలో కదిలాను. చప్పగా ఉన్న సభ అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండో రౌండులో వాడు మళ్ళీ అడుగు వెనక్కి వేసి తల వంచాడు.

“ఏం నాయనా సంపత్తూ! గోడకి పూత పూస్తా ఉండావా? అది గోడ కాదప్పా, తిరిగి కొడతాది!”

జనం ఊగిపోయారు. నాకు ఆకలి పెరిగింది.

“మీ నాయన ఒక్కనాడన్నా వెనక్కి అడుగు ఏసినాడా?”

తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి అన్నాను. రెండు భాషల్లోనూ అబద్ధమే. అందరికీ అర్థమవ్వాలని తమిళంలో, వాడికి తగలాలని తెలుగులో.

తగిలింది. వాడు నా వైపు చూశాడు. ఆ తర్వాత వెనక్కి పోలేదు. కాళ్ళు నేలకి పాతినట్టు నిలబడి, కుడిచేతిని వెనక్కి లాగాడు, నేను చెప్పిన కథలో మునిరత్నం లాగినట్టు. మొహానికి అడ్డం ఉండాల్సిన ఎడమ చెయ్యీ మొహం దగ్గర లేదు. ఆర్కాడు కుర్రవాడి గుద్దు ఎడమ చెవి మీద పడింది. సంపత్తు పక్కకి ఒరిగి, తాడు పట్టుకోబోయి, అందక పడ్డాడు. పది లెక్కపెట్టారు. లేవలేదు.

చెవిలోంచి నెత్తురు వచ్చింది. ఒక చెంచాడు. పెంచడం లేదు. ఆటో ఎక్కించి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. వాళ్ళమ్మ రొట్టెముక్కలా ఎండిన మొహంతో వెనకాల బస్సెక్కింది. నేను వెళ్ళలేదు. ఇంకా నాలుగు పోటీలు మిగిలి ఉన్నాయి, మైకు ఖాళీగా వదలకూడదు కదా.

ఇక్కడితో ఆగి ఉంటే నన్ను నేను మనిషి అనుకునేవాణ్ణి. ఆ వారంలోనే టీ కొట్లో ఎవరో సంపత్తు సంగతి ఎత్తితే, “తండ్రి ఒక్క గుద్దు కొట్టేవాడు, కొడుకు ఒక్క గుద్దు తింటాడు, ఇంటిపేరు నిలబెట్టినాడప్పా!” అన్నాను. అది ఊరంతా పాకింది. ఇప్పటికీ వాణ్ణి ఒంటిగుద్దు అనే పిలుస్తారు. తండ్రికి పొగడ్తగా పెట్టిన పేరు, కొడుకుకి వెక్కిరింపు అయింది. రెండూ నా పనితనమే. వాడు మళ్ళీ రింగు ఎక్కలేదు. ఎడమ చెవి పనిచేయడం మానేసింది. వేలూరులో పూత పని చేసుకుంటూ ఉండిపోయాడు.

పోయిన నెల మా ఇంటి మీద కొత్తగా వేసిన గదికి పూత పూయడానికి వాడే వచ్చాడు. నేను పిలవలేదు, కాంట్రాక్టు తీసుకున్నవాడు పంపాడు. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు సిమెంటు విసిరాడు. రుద్దాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. తల ఎడమకి వంచి చూశాడు.

లేచి వాడి దగ్గరికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. “సంపత్తూ, మీ నాయన కూడా ఇట్లనే ఆడేవాడు రా. తాకి వెనక్కి వచ్చేవాడు. ఒక్క గుద్దంతా నేను అల్లింది. ఆ పొద్దు నువ్వే రైటు” అన్నాను. మెల్లగా మొత్తం చెప్పాను. ఒక్క ముక్క మింగలేదు.

వాడి ఎడమ పక్కన నిలబడి చెప్పాను.

వాడు గోడనే చూస్తున్నాడు. కాసేపటికి నా నీడ చూసి తిరిగి, కుడి చెవి ముందుకు పెట్టి, “ఏమన్నా అన్నావా మామా?” అన్నాడు. “ఏంల్యా నాయనా, గోడ బాగుండాది” అన్నాను. కిందికి వచ్చి బాత్‌రూములో వాంతి చేసుకున్నాను.

ఇప్పుడు ఇది రాస్తున్నాను. చిన్నప్పుడు చిత్తూరులో మేనత్త ఇంట్లో ఉండి చదివాను కనుక నాకు తెలుగు రాత వచ్చింది. మా ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధివీధికీ ఉన్నారు, ఈ అక్షరాలు చదివేవాళ్ళు నాకు కనబడరు. సంపత్తు తమిళం బళ్ళో చదివాడు. ఈ కాగితం వాడి చేతిలో పెట్టినా తిప్పి తిప్పి చూసి నాకే ఇస్తాడు. అది తెలిసే తెలుగులో రాస్తున్నానా? తెలిసే రాస్తున్నాను. ఇదీ వాడి ఎడమ చెవే.

వాడి కుడి పక్కకి ఎప్పుడైనా వెళతానా? మాట ఇవ్వను. నా మాట విలువ మీకు ఇప్పటికి తెలిసిపోయి ఉంటుంది.

ఒకటి మాత్రం, ఎప్పుడూ నా నోటి నుంచి రాని కొలతలో, ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను. మునిరత్నం ఎవర్నీ ఒక్క గుద్దుతో పడగొట్టలేదు. వెనక్కి అడుగు వేసేవాడు. కొడుకూ వేశాడు. నేను నవ్వించాను.